బిళ్ళలతో కట్టిన స్తంభాలు: ద్రవస్ఫటిక శాస్త్రవేత్త శివరామకృష్ణ చంద్రశేఖర్

భౌతికశాస్త్రంలో చంద్రశేఖర్ అనే పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది నక్షత్రాల ద్రవ్యరాశికి హద్దు లెక్కగట్టి 1983లో నోబెల్ బహుమతి అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయన మేనత్త కుమారుడు మరొక చంద్రశేఖర్ ఉన్నారు. ఆయన పూర్తి పేరు శివరామకృష్ణ చంద్రశేఖర్. అదే 1983లో ఆయన లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఎన్నికయ్యారు. నక్షత్రాల చంద్రశేఖర్ విదేశాలలో స్థిరపడితే, ఈ చంద్రశేఖర్ విదేశాలలో చదువు ముగించుకొని స్వదేశానికి తిరిగివచ్చి, మైసూరు, బెంగళూరు నగరాలలో నలభై ఏళ్ళకు పైగా పనిచేశారు. ఒకే వంశం, ఒకే పేరు, ఒకే శాస్త్రం కావడంతో ఇద్దరినీ ఒకరిగా పొరబడేవారు నేటికీ ఉన్నారు. ద్రవస్ఫటికాల చరిత్రలో మాత్రం ఆ పొరపాటుకు తావు లేదు. అక్కడ చంద్రశేఖర్ అంటే ఒక్కరే.

ద్రవస్ఫటికం అన్న మాటలోనే ఒక వైరుధ్యం వినిపిస్తుంది. స్ఫటికమంటే అణువులు వరుస తప్పక నిలిచిన ఘనపదార్థం. ద్రవమంటే ఆ వరుస చెదిరి, అణువులు ఇష్టం వచ్చినట్లు తిరిగే స్థితి. ఈ రెండింటి నడుమ మరొక దశ ఉంది. అండమాన్ అడవులలో నరికిన దుంగలను ఒకప్పుడు తెప్పలుగా కట్టి సముద్రం మీదుగా లాక్కొచ్చి, చాతం సా మిల్లు పక్కన నీటిలో నిలిపేవారు. నీటిలో తేలే దుంగలు కదులుతూనే ఉంటాయి, ఒకదానిని దాటి ఒకటి జారుతుంటాయి. అయినా పక్కపక్కన ఒత్తుకొని ఉన్నప్పుడు చాలావరకు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. కోల ఆకారపు అణువులు ద్రవస్ఫటికంలో చేసేది సరిగ్గా ఇదే. పారుతాయి, కాని దిక్కు తప్పవు. దుంగల తెప్పను చూసినవారికి ఈ శాస్త్రంలోని తొలి పాఠం సగం అర్థమైనట్లే.

ఈ దశను తొలిసారి గమనించింది 1888లో. ప్రేగ్ నగరంలోని వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్సర్ కొలెస్ట్రాల్ నుంచి తయారైన ఒక పదార్థాన్ని వేడిచేస్తే అది 145 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవంగా మారింది. 178 డిగ్రీలు దాటాక మాత్రమే తేటపడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు ఉండడం అప్పటికి వింత. తరువాత జర్మనీలో ఒట్టో లేమన్ దానికి ద్రవస్ఫటికమన్న పేరు స్థిరపరిచారు. హాలె విశ్వవిద్యాలయంలో డానియెల్ ఫోర్లాండర్ వందల కొద్దీ పదార్థాలు తయారుచేసి, అణువు ఎంత పొడవుగా, ఎంత తిన్నగా ఉంటే ఈ దశ అంత సులువుగా వస్తుందని తేల్చారు. ఆకులా బల్లపరుపుగా పరచుకున్న అణువులనూ ఆయన పరీక్షించారు. వాటిలో ఈ దశ కనిపించలేదు. ద్రవస్ఫటికం కావాలంటే అణువు కోలలా ఉండాలన్న నియమం అలా పాతుకుపోయింది. ఆ నియమాన్ని బెంగళూరులో ఒక ప్రయోగశాల తిరగరాయడానికి అర్ధశతాబ్దం పట్టింది.

చంద్రశేఖర్ 1930 ఆగస్టు 6న కలకత్తాలో జన్మించారు. తండ్రి శివరామకృష్ణన్ అకౌంటెంట్ జనరల్ హోదాలో పనిచేసిన అధికారి. తల్లి సీతాలక్ష్మి సర్ సి.వి. రామన్ చెల్లెలు. ఆమె తండ్రి, అంటే చంద్రశేఖర్ మాతామహుడు, విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించిన అధ్యాపకులు. రామన్ బాల్యమూ, మెట్రిక్యులేషన్ చదువూ ఆ ఊరిలోనే గడిచాయి. బెంగాలీ నగరంలో పుట్టిన ఈ తమిళ కుటుంబపు బిడ్డకు తెలుగు తీరంతో ఉన్న బంధుత్వం అంతవరకే. దానిని మించి చెప్పుకోవడం అతిశయోక్తి అవుతుంది.

శివరామకృష్ణన్ ఇంట ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు పుట్టారు. అన్న రామశేషన్ స్ఫటిక నిర్మాణ శాస్త్రంలో పేరొందారు. తమ్ముడు పంచరత్నం ధ్రువిత కాంతి తరంగాలలో కనుగొన్న ఒక సూక్ష్మమైన దశాభేదం ఈనాడు ఆయన పేరుతోనే ప్రపంచమంతటా బోధనలో ఉంది. నడిమివాడు చంద్రశేఖర్. నాగపూర్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పట్టా పొంది, ఆ వెంటనే బెంగళూరులో రామన్ కొత్తగా నెలకొల్పుకున్న పరిశోధనా సంస్థలో చేరారు. మేనమామ దగ్గర చేరడం సులువే కావచ్చు. నిలవడం సులువు కాదు. రామన్ కఠినమైన గురువు, ఖరీదైన పరికరాల మీద నమ్మకం లేని మనిషి.

అక్కడ చంద్రశేఖర్ ఎంచుకున్న విషయం కాంతి భ్రమణం. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాల గుండా ధ్రువిత కాంతిని పంపితే, అది కంపించే తలం స్ఫటికంలో ప్రయాణిస్తూ మెల్లగా తిరుగుతుంది. ఎంత తిరుగుతుందన్నది కాంతి రంగును బట్టి మారుతుంది. ఆ మార్పును కొలిచి, దానిని వివరించే సూత్రాన్ని ఆయన రూపొందించారు. ఈ పనికి 1954లో నాగపూర్ విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. ఇచ్చింది. అప్పటికి వయసు ఇరవై నాలుగు.

తరువాత ప్రతిభా వేతనంపై కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ విషయం మారింది. స్ఫటికం నుంచి పరావర్తనం చెందే ఎక్స్‌కిరణాల తీవ్రత లెక్కకు రావలసినదానికన్నా తక్కువగా ఉంటుంది. లోపలి పొరలే కిరణాన్ని పదేపదే వెనక్కు తిప్పి బలహీనపరచడం దీనికి కారణం. ఆ లోటును సరిదిద్దే మార్గాన్ని ధ్రువిత ఎక్స్‌కిరణాలతో చూపి రెండో డాక్టరేట్ పొందారు. లండన్‌లో మరికొంత కాలం పరిశోధించి 1961లో స్వదేశానికి వచ్చారు.

ఈ రెండు తొలి పరిశోధనలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఒకటి కాంతి తలం తిరగడం గురించి, మరొకటి పొరల నుంచి కిరణాలు పదేపదే వెనక్కు రావడం గురించి. చూడటానికి వీటికి సంబంధం లేదు. మైసూరులో ఈ రెండు దారులూ కలిశాయి.

మైసూరు విశ్వవిద్యాలయం మానసగంగోత్రి ప్రాంగణంలో భౌతికశాస్త్ర విభాగాన్ని అప్పుడే ప్రారంభిస్తోంది. దానికి తొలి అధిపతిగా చంద్రశేఖర్ చేరారు. పరికరాలు లేవు, సంప్రదాయం లేదు. తమ్ముడు పంచరత్నం కూడా కొన్నేళ్ళు అక్కడే రీడరుగా పనిచేసి, 1964లో ఆక్స్‌ఫర్డుకు వెళ్ళారు. ఐదేళ్ళ తరువాత, 1969లో, ముప్పై అయిదేళ్ళ వయసులో ఆయన అక్కడే మరణించారు. భారత భౌతికశాస్త్రం పోగొట్టుకున్న గొప్ప మేధస్సులలో అది ఒకటి.

1960ల నడుమ చంద్రశేఖర్ ద్రవస్ఫటికాల వైపు మళ్ళారు. అప్పటికి ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసే ప్రయోగశాలలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని. ఈ పదార్థాలతో టీవీ తెరలు తయారవుతాయని నమ్మినవారు అంతకన్నా తక్కువ. ఆయనను ఆకర్షించింది తెరలు కాదు, కొలెస్టరిక్ అనే రకపు ద్రవస్ఫటికం. ఇందులో అణువుల దిక్కు పొర పొరకూ కొద్ది కొద్దిగా మలుపు తిరుగుతూ మరమేకు చుట్టులా సాగుతుంది. కాంతి తలాన్ని క్వార్ట్జ్ ఒక మిల్లీమీటరు మందంలో కొన్ని పదుల డిగ్రీలు తిప్పితే, ఇది వేల డిగ్రీలు తిప్పగలదు. పైగా ఒక ప్రత్యేకమైన రంగును ఎంచుకొని అద్దంలా వెనక్కు పంపుతుంది. ఎక్స్‌కిరణాలకు స్ఫటికం పొరలు ఎలాగో, కాంతికి ఈ మలుపుల పొరలు అలాగే అన్న ఆలోచనతో ఆయన, సహచరుడు కె.ఎన్. శ్రీనివాసరావు 1968లో ఒక సిద్ధాంతాన్ని ప్రచురించారు. బెంగళూరులో నేర్చినదీ, కేంబ్రిడ్జిలో నేర్చినదీ అలా ఒక్క వ్యాసంలో కలిశాయి. ఒక శాస్త్రవేత్త జీవితంలో ఇలాంటి కలయిక అదృష్టమని అనుకోవచ్చు. కాని పాత విద్యను మరువకుండా దాచుకున్నవారికే ఆ అదృష్టం దక్కుతుంది.

1970 నవంబరులో రామన్ కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన సంస్థకు కొత్త ఊపిరి పోసే యత్నంలో భాగంగా ద్రవస్ఫటికాల ప్రయోగశాల నెలకొల్పేందుకు చంద్రశేఖర్‌కు పిలుపు వచ్చింది. మైసూరు శిష్యులలో కొందరితో కలిసి ఆయన బెంగళూరు చేరారు. అక్కడ తీసుకున్న ఒక నిర్ణయం తరువాతి కథనంతా నడిపించింది. భౌతిక ప్రయోగశాల పక్కనే రసాయన ప్రయోగశాల పెట్టారు. కావలసిన అణువును విదేశాల నుంచి తెప్పించుకోవడం కాకుండా ఇంటనే తయారుచేసుకోవాలన్నది ఉద్దేశం. మన విశ్వవిద్యాలయాలలో భౌతికశాస్త్ర విభాగం, రసాయనశాస్త్ర విభాగం ఎదురెదురు భవనాలలో ఉండి కూడా మాట్లాడుకోని రోజులవి. ఇప్పటికీ పరిస్థితి పూర్తిగా మారిందని చెప్పలేము.

1973 డిసెంబరులో ఆ సంస్థలో ద్రవస్ఫటికాలపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ ఏడాదే బ్రిటన్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం సయనోబైఫినైల్ పదార్థాలను వెలువరించింది. గది ఉష్ణోగ్రతలో నిలకడగా ఉండే ఈ పదార్థాలే గడియారాలకు, లెక్కల యంత్రాలకు తెరలను సాధ్యం చేశాయి. ఈ తరహా అణువుల ఒక కొసన బలమైన విద్యుత్ ధ్రువం ఉంటుంది. అటువంటి అణువులు పక్కపక్కన చేరినప్పుడు తలలన్నీ ఒకే వైపు పెట్టవని, ఎదురుబొదురుగా జతకడతాయని ఎన్.వి. మధుసూదన, చంద్రశేఖర్ బెంగళూరు సదస్సులో వాదించారు. తరువాతి ఎక్స్‌కిరణ ప్రయోగాలు ఆ చిత్రాన్ని బలపరిచాయి.

ఇక 1977 సంగతి. బొగ్గు తారు నుంచి వచ్చే పిచ్‌ను గట్టిగా వేడిచేసి కోకుగా మారుస్తున్నప్పుడు నడుమ ఒక ద్రవస్ఫటిక దశ వస్తుందని 1965లో బ్రూక్స్, టేలర్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు గమనించారు. అందులోని అణువులు కోలలు కావు, పెద్ద పెద్ద పలకలు. కాని అది రకరకాల అణువుల కలగాపులగం. వేడికి నిరంతరం మారిపోతూ ఉండేది. ఏ అణువు ఏం చేస్తోందో విడదీసి చెప్పడానికి వీలులేనిది. ఒకే ఒక శుద్ధ పదార్థంలో, బిళ్ళలాంటి అణువులతో, మళ్ళీ మళ్ళీ వచ్చే ద్రవస్ఫటిక దశ సాధ్యమా అన్నది చంద్రశేఖర్ వేసుకున్న ప్రశ్న.

అందుకు ఎన్నుకున్న అణువు ఎంతో సరళమైనది. నడుమ ఒక బెంజీన్ వలయం. దాని ఆరు మూలల నుంచి ఆరు కొవ్వు ఆమ్లపు గొలుసులు. నడిమి భాగం గట్టి బిళ్ళ, చుట్టూ మెత్తని కుచ్చులు. బిళ్ళలు ఒకదానిపై ఒకటి పేరుకోవాలని చూస్తాయి, కుచ్చులు వాటిని గడ్డకట్టి ఘనం కాకుండా ఆపుతాయి. రసాయనవేత్త బి.కె. సదాశివ ఈ శ్రేణి పదార్థాలను తయారుచేసి శుద్ధి చేశారు. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో వేడిచేసి చూస్తే, ఘనం కరిగిన తరువాత, తేట ద్రవంగా మారకముందు, కొద్ది డిగ్రీల మేర మరొక దశ కనిపించింది. కె.ఎ. సురేష్ ఎక్స్‌కిరణాలతో దాని లోపలి అమరికను పరిశీలించారు. నాణేలను దొంతరగా పేర్చినట్లు బిళ్ళలు ఒకదానిపై ఒకటి నిలిచి స్తంభాలయ్యాయి. ఆ స్తంభాలు తేనెపట్టు గదుల మాదిరి షట్కోణ వరుసలో నిలిచాయి. అయితే ఒక్కొక్క దొంతరలో బిళ్ళల మధ్య దూరం క్రమం తప్పి ఉంది. అంటే అడ్డంగా చూస్తే స్ఫటికం, నిలువుగా చూస్తే ద్రవం. కోలలు లేకుండా ద్రవస్ఫటికం లేదన్న నియమం అక్కడితో చెల్లిపోయింది.

చంద్రశేఖర్, సదాశివ, సురేష్ పేర్లతో ఆ వ్యాసం వెలువడినది ప్రమాణ అనే భారతీయ పత్రికలో. అప్పటికి ఆ పత్రిక ప్రారంభమై నాలుగేళ్ళే అయింది. పేరున్న విదేశీ పత్రికలో అచ్చయితేనే పరిశోధనకు విలువ అనే భావన మన దేశంలో ఎంత బలంగా ఉందో తెలిసినవారికి ఈ ఎంపికలోని సాహసం అర్థమవుతుంది. కొత్త పత్రిక విదేశీ గ్రంథాలయాలకు చేరకపోతే, అదే ఫలితాన్ని మరొకరు మరొకచోట ప్రకటించి ఘనత దక్కించుకునే ప్రమాదం నిజంగానే ఉంది. మరుసటి ఏడాదికే ఫ్రాన్స్‌లోని పరిశోధకులు ట్రైఫినిలిన్ అనే మరో బిళ్ళ అణువుతో ఇలాంటి దశలను ప్రకటించారు. అయినా ప్రాథమ్యం బెంగళూరుకే నిలిచింది. ప్రమాణ ప్రచురించిన వ్యాసాలలో ప్రపంచం విస్తృతంగా ఉదహరించినవాటిలో అది ముందువరుసలో ఉంది.

అదే 1977లో ఆయన ద్రవస్ఫటికాల గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. 1992లో రెండో కూర్పు వచ్చింది. రష్యన్, జపనీస్ భాషలలోకి అనువాదమైంది. తొలి కూర్పులో లేని బిళ్ళ అణువులకు రెండో కూర్పులో ఒక అధ్యాయమే కేటాయించవలసి వచ్చింది. రచయిత స్వయంగా తెరిచిన తలుపు అది.

ఈ స్తంభాలకు విద్యుత్తుతో ఉన్న సంబంధం కొంచెం ఆలస్యంగా బయటపడింది. చాతంలో కోసే పడాక్ చెక్క విషయం తెలిసినవారికి ఇది చెప్పడం తేలిక. చెక్కకు నార దిక్కున ఒక బలం, అడ్డదిక్కున మరొక బలం. బిళ్ళల స్తంభానిదీ అదే తీరు. బిళ్ళ నడుమనున్న వలయాలలోని ఎలక్ట్రాన్ మేఘాలు పై బిళ్ళతో, కింది బిళ్ళతో ఒరుసుకుంటాయి. ఆవేశం దొంతర వెంట పైకీ కిందికీ దూకుతూ పోగలదు. పక్క స్తంభానికి దూకాలంటే మధ్యలో కుచ్చుల గొలుసులు అడ్డం. అవి తీగకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగులా విద్యుత్తును ఆపుతాయి. అంటే ప్రతి స్తంభమూ అణువులు తమంతట తామే అల్లుకున్న ఒక సన్నని తీగ. పోత పోయనక్కరలేదు, సాగదీయనక్కరలేదు. ఎక్కడైనా తెగినా ద్రవగుణం వల్ల మళ్ళీ సర్దుకుంటుంది. కర్బన పదార్థాలతో ట్రాన్సిస్టర్లు, సౌరఘటాలు, కాంతి డయోడ్లు తయారుచేసే ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ రంగం ఎదురుచూసిన గుణాలు ఇవే.

1994లో జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ట్రైఫినిలిన్ పదార్థపు స్తంభాలలో ఆవేశం అప్పటి కర్బన పదార్థాలకు అసాధారణమైన వేగంతో కదులుతుందని కొలిచి చూపారు. 2001లో కేంబ్రిడ్జి, మైంజ్ పరిశోధకులు కలిసి బిళ్ళ అణువులు తమంతట తామే పొరలుగా సర్దుకునే సౌరఘటాన్ని తయారుచేశారు. కేంబ్రిడ్జిలో ఆ పని జరిగింది కావెండిష్ ప్రయోగశాలలో, యువకుడు చంద్రశేఖర్ నాలుగు దశాబ్దాల క్రితం ఎక్స్‌కిరణాలతో కుస్తీపట్టిన చోటనే. ఆ సౌరఘటం నేటికీ మన ఇంటి పైకప్పుకు చేరలేదన్నది కూడా చెప్పాలి. మొబైల్ ఫోన్లలో వెలిగే కర్బన డయోడ్ల తెరలు కూడా ఈ స్తంభాల మీద నిర్మించినవి కావు.

బిళ్ళ అణువులు నిజంగా కోట్ల ఇళ్ళకు చేరిన మార్గం వేరు. తొలి ద్రవస్ఫటిక తెరలను నేరుగా చూస్తేనే బొమ్మ స్పష్టంగా ఉండేది. పక్క నుంచి చూస్తే నలుపు తెలుపుగా, రంగులు తలకిందులుగా కనిపించేవి. 1990లలో జపాన్‌కు చెందిన ఫ్యూజీ ఫిల్మ్ సంస్థ బిళ్ళ అణువులను వంపుగా పరచి గట్టిపరచిన పలుచని పొరను తయారుచేసింది. తెరపై ఆ పొర అతికిస్తే పక్కచూపు దోషం చాలావరకు పోయింది. బెంగళూరులో కనుగొన్న పదార్థ వర్గం జపానులో సరుకైంది. దీనికి చంద్రశేఖర్‌ను తప్పుపట్టలేము, జపానును అంతకన్నా తప్పుపట్టలేము. అణువును కనుగొన్నంత శ్రద్ధతో దానిని వస్తువుగా మలచే ఏర్పాటు అప్పటి మన దేశంలో లేదు.

ఆ లోటు ఆయనకు తెలియనిది కాదు. 1990లో రామన్ సంస్థ నుంచి పదవీ విరమణ చేసేనాటికి అరవై ఏళ్ళు. అదే సంవత్సరం ఏర్పడిన అంతర్జాతీయ ద్రవస్ఫటిక సమాజానికి ఆయన వ్యవస్థాపక అధ్యక్షులు. మాలిక్యులర్ క్రిస్టల్స్ అండ్ లిక్విడ్ క్రిస్టల్స్ పత్రికకు చాలా ఏళ్ళుగా సంపాదకులు. హాయిగా విశ్రాంతి తీసుకోవడానికి ఇంతకన్నా మంచి తరుణం ఉండదు. ఆయన మాత్రం 1991లో జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇచ్చిన భవనంలో ద్రవస్ఫటిక పరిశోధనా కేంద్రం పేరిట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పరిశ్రమ ఆవరణలో పరిశోధనాలయం ఉండడం యాదృచ్ఛికం కాదు. 1995లో ఆ కేంద్రానికి కేంద్రప్రభుత్వం కింద స్వయంప్రతిపత్తి లభించింది. తరువాతి కాలంలో పరిధి విస్తరించి, నానో, మృదు పదార్థాల విజ్ఞాన కేంద్రంగా పేరు మార్చుకొని బెంగళూరు శివార్లలో సొంత ప్రాంగణానికి తరలింది.

సత్కారాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1972లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1994లో రాయల్ సొసైటీ వారి రాయల్ మెడల్, 1998లో పద్మభూషణ్, అదే ఏడాది యునెస్కో నీల్స్ బోర్ స్వర్ణపతకం. తెలుగునాట గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ ద్రవస్ఫటికాలపై దశాబ్దాల పాటు పరిశోధన సాగింది. ఈ రంగానికి దేశంలో ఒక స్థానం ఏర్పడడంలో బెంగళూరు పాఠశాల పాత్ర పెద్దది.

జాలహళ్ళి కేంద్రంలో ఆయన చివరి ఏళ్ళ పని తిరిగి ఆ స్తంభాల దగ్గరికే చేరింది. బిళ్ళల దొంతరలో అతి కొద్ది మోతాదులో మరొక పదార్థాన్ని కలిపితే విద్యుత్తు స్తంభం వెంట ఎంత పారుతుంది, అడ్డంగా ఎంత పారుతుంది, ఒక కొసను వేడిచేస్తే ఎంత వోల్టేజి పుడుతుంది అన్నవి కొలవడానికి పూనుకున్నారు. స్తంభాలన్నింటినీ ఒకే దిక్కుకు నిలబెట్టడమే అందులో కష్టమైన భాగం. నిలబెట్టి కొలిచినప్పుడు నిలువు వాహకత అడ్డ వాహకత కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. యువ సహచరులతో కలిసి 1999లో ఆ ఫలితాలను ప్రకటించారు. అచ్చువేసింది మళ్ళీ ప్రమాణ పత్రికే. అప్పటికి ఆయనకు డెబ్భై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. 2004 మార్చి 8న బెంగళూరులో చంద్రశేఖర్ కన్నుమూశారు.